ఆటగానికి ఒక్క వోటు

శ్రీ బైచుంగ్ భూటియాగారు ఎన్నికల రాజకీయముల నుండి విరమించుకొనుచున్నట్లు 2024 జూన్ మాసమున ప్రకటించిరి. భారతదేశపు ఫుట్‌బాలు జట్టులో ఏండ్ల తరబడి ముందు వరుసన నిలిచి, దానికి నాయకత్వము వహించి, దేశమునకు కప్పులు తెచ్చిన యీ సిక్కిం వీరుడు పదేండ్ల కాలములో ఆరు మారులు ప్రజలను వోటడిగి, ఆరు మారులును ఓడిపోయిరి. ఈ రాజకీయము తనకు తగినది కాదని ఫలితములవలన గ్రహించితిననియు, క్రీడల విషయమునను, యాత్రికుల రాకపై నాధారపడిన జీవనోపాధుల విషయమునను తాను తలపోసిన పనులు చేయు నవకాశము దొరకలేదన్నదొక్కటియే తనకు విచారమనియు ఆయన చెప్పుకొనిరి.

మైదానమున నెగ్గినవాడు వోటుపెట్టెకడ ఓడెనని నవ్వి ఊరుకొనుట సులభము. ఈ ఆరు ఓటములు మా దృష్టిలో పెద్దవి కావు. వోటరు తన వోటు తన యిష్టము వచ్చినవారికి వేసినాడు; అందుకే గదా వానికి వోటు నిచ్చినది! కాని వీనికి వెలుపల ఏడవ ఓటమి యొకటి కలదు. అది ప్రజలు చేసిన తీర్పు కాదు. 34 వోట్లు మాత్రమే గల చిన్న సభలో జరిగిన తీర్పు. దానిని గూర్చియే వ్రాయదలచితిమి. అయినను మనిషి యెట్టివాడో ముందుగా తెలియనిదే ఆ ఓటమి బరువు చదువరులకు తెలియదు.

1975 మే 16వ తేదీన సిక్కిం భారతదేశమునకు 22వ రాష్ట్రమైనది. 1976 డిసెంబరు 15వ తేదీన దక్షిణ సిక్కింలోని టింకీటాం అను కొండపల్లెలో భూటియా జన్మించిరి. అనగా ఆ సీమలో భారతీయులుగనే కన్ను తెరచిన తొలి శిశువులలో ఆయన యొకరన్నమాట. తల్లిదండ్రులు సేద్యము చేసికొని బ్రతుకువారు. తొమ్మిదవయేట ఆటలో చూపిన నేర్పునకు క్రీడా ప్రాధికార సంస్థవారి విద్యార్థి వేతనము లభించి, పిల్లవాడు గాంగ్‌టాక్‌లోని తాషీ నాంగ్యాల్ పాఠశాలకు వచ్చెను. 1992లో సుబ్రతో కప్పు పోటీలలో ఉత్తమ క్రీడాకారుడనిపించుకొని, మరుసటి యేడు పదియారేండ్ల ప్రాయమున కలకత్తాలోని ఈస్టు బెంగాలు క్లబ్బులో చేరెను.

కలకత్తాలో ఫుట్‌బాలనగా నేమో మన తెలుగువారికి కొంత విప్పి చెప్పవలసియున్నది. 1911లో మోహన్ బగాన్ జట్టువారు, పదకొండుగురిలో ఒక్కరు తప్ప తక్కినవారందరు వట్టి కాళ్లతో ఆడి, ఈస్టు యార్క్‌షైర్ దండువారిని 2–1గ నోడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గైకొన్ననాడు, అది ఆటలో గెలుపుగ మాత్రమే ఎవ్వరును తలపలేదు. తెల్లవానిని ఓడింపవచ్చునన్న సంగతి బీదసాదలకు గూడ ఆ సాయంకాలము కన్నులకు కట్టినది. ఈస్టు బెంగాలు క్లబ్బు 1920లో పుట్టినది. తూర్పు బెంగాలునుండి వచ్చినవారును, దేశ విభజనానంతరము ఇల్లు వాకిళ్లు విడిచి కట్టుబట్టలతో తరలి వచ్చినవారును దానిని తమదిగ చేసికొనిరి. అట్టి క్లబ్బు ఎర్ర పసుపు బట్టలు తొడిగి యొక కొండజాతి కుర్రవాడు వచ్చి నిలిచెను. బెంగాలీ ఆయన మాతృభాష కాదు. వారి యూరు వారికిని, వీరి యూరు వీరికిని తెలియదు.

1997 జూలై 13వ తేదీన ఫెడరేషను కప్పు అర్ధాంత్య పోటీలో యీ రెండు క్లబ్బులును సాల్ట్ లేక్ మైదానమున తలపడినవి. చూడ వచ్చినవారు లక్షా ముప్పది వేలకు పైబడిరి; మన దేశమున ఏ యాటకును అంతమంది యొక్కచోట చేరియుండలేదు. మోహన్ బగాన్ శిక్షకుడైన అమల్ దత్తాగారు కొత్త వ్యూహమొకటి పన్ని, దానిని గూర్చి నగరమెల్ల చెప్పుకొనునట్లు చేసియుండిరి. ఈస్టు బెంగాలు పక్షమున పి.కె. బెనర్జీగారు శిక్షకులు. ఆట ముగియునప్పటికి 4–1. నాలుగింటిలో మూడు గోళ్లు భూటియావి. ఆనాటినుండి కలకత్తా ఆయనను ఎక్కడివాడని అడుగుట మానినది. సభలు పెట్టి తీర్మానములు చేసి జాతీయైక్యమును గూర్చి ఉపన్యాసము లిచ్చువారు చేయలేని పని యొక సాయంకాలమున మూడు గోళ్లు చేసినవని మేమనిన నది అతిశయోక్తి కాదు.

ఆ తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పుదుము. 1999లో ఇంగ్లండులోని బరీ క్లబ్బువారు ఆయనను తీసికొనిరి. గాయములవలన అక్కడ అనుకొన్నంత రాణింపలేదు. ఆ దేశపు లీగులో జీతమునకు ఆడిన భారతీయుడన్న ఖ్యాతి మాత్రము నిలిచినది. స్వదేశమునకు మరలి వచ్చి, భారత జట్టునకు నాయకుడై 2007, 2009 సంవత్సరములలో నెహ్రూ కప్పును గెలిపించిరి. 2008లో ఢిల్లీలో ఏ.ఎఫ్.సి. ఛాలెంజి కప్పు గెలువగా, 1984 తరువాత మరల భారతదేశము 2011లో దోహాలో జరిగిన ఆసియా కప్పున అడుగిడగల్గెను. నాయకుడైన భూటియా గాయపడియుండి, కొరియాతో జరిగిన చివరి పోటీలో కొద్ది నిమిషములు మాత్రమే ఆడగలిగిరి. ఆ యేటి ఆగస్టులో విరమించిరి. 2012 జనవరిలో ఢిల్లీలో బయర్న్ మ్యూనిక్ జట్టుతో జరిగిన వీడ్కోలు ఆటలో మనవారు 4–0గ ఓడిరి. అయినను చలిలో కూర్చుండి చూచినవారు లెక్క కొరకు రాలేదు.

ఆటకు వెలుపల ఆయన నడతను దెలుపు సంగతులు రెండు గలవు. 2008లో ఒలింపిక్ జ్యోతిని ఢిల్లీలో మోయుటకు పిలుపు వచ్చినపుడు, టిబెట్టు ప్రజలయెడ సానుభూతితో ఆ గౌరవమును నిరాకరించిరి. ఆ సంవత్సరముననే ఆయనకు పద్మశ్రీ లభించినది. ప్రభుత్వ గౌరవము చేత నున్నపుడే, దొరతనమువారికి ఇబ్బందియగు మాట యనుట అందరికి చేతనైన పని కాదు. రెండవది, 2006లో క్రీడాకారులు తమ హక్కుల కొరకు సంఘము కట్టుకొనినపుడు దానికి అధ్యక్షులైరి. క్లబ్బు జీతము ఎగవేసిన నెవనికి చెప్పుకొనవలయును, కాలు విరిగినవాని కుటుంబమునకు ఎవరు దిక్కు అను ప్రశ్నలను మొట్టమొదట గట్టిగ నడిగినవారిలో ఆయన యొకరు. ఇది రాజకీయము కాదా? మా మట్టుకు ఇదియే రాజకీయము. 2014 తరువాతి దానికి మేము ఆ పేరు పెట్టుటకు సంకోచించుచున్నాము.

2014లో తృణమూల్ కాంగ్రెసువారు ఆయనను డార్జిలింగు లోక్‌సభ స్థానమునకు నిలిపిరి. అచ్చటి కొండలలో దశాబ్దములుగ రగులుచున్న ప్రశ్న యొక్కటియే: ప్రత్యేక గూర్ఖాలాండ్ రాష్ట్రము. తృణమూల్ పక్షము దానికి బద్ధ విరోధి. కొండలలో బలముగల గూర్ఖా జనముక్తి మోర్చా భారతీయ జనతా పక్షమునకు మద్దతు నిచ్చినది. ఆ పక్షపు అభ్యర్థి శ్రీ ఎస్.ఎస్. అహ్లువాలియా కొండవాడు కారు, గూర్ఖా కారు. అయినను సుమారు 1,97,000 వోట్ల ఆధిక్యముతో నెగ్గిరి. చూడుడు: కొండల మనిషి ఓడెను, మైదానపు మనిషి గెలిచెను. ముఖమును చూచి వోటు వేయువారైనచో ఫలితము తలక్రిందులుగ నుండవలసినది. డార్జిలింగు వోటరు ముఖమును గాక ప్రశ్నను చూచెను. తమ పిల్లలు ఎవని బొమ్మను గోడకు అంటించుకొనిరో వానినే, నీ వెవరి పక్షమున వచ్చితివని అడిగి పంపివేసిరి. అభిమానమునకును, సమ్మతికిని మధ్యనున్న గీతను ఇంత స్పష్టముగ గీచిన ప్రజలను చదువులేనివారని ఎవరనగలరు?

రెండేండ్లకు, 2016లో, సిలిగురి శాసనసభ స్థానమునకు ఆ పక్షముననే మరల నిలిచిరి. ఎదుట నున్నవారు మార్క్సిస్టు పక్షమునకు చెందిన శ్రీ అశోక్ భట్టాచార్య. పూర్వము మంత్రిగ నుండినవారు, అప్పటికి ఆ నగరమునకు మేయరు. మురుగుకాలువ నిండిన నెవరి గుమ్మమున నిలువవలెనో సిలిగురి ప్రజలకు తెలియును. సుమారు 14 వేల తేడాతో భూటియా ఓడిరి. 2018 ఫిబ్రవరిలో పక్షమునకు రాజీనామా నిచ్చిరి.

ఇచ్చట కొందరు మిత్రులు మన నందమూరి తారక రామారావుగారి మాట యెత్తుదురు. 1982 మార్చిలో పక్షము పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి కాలేదా, ప్రసిద్ధికి వోటు రాదని యెట్లనగలరు, అని. నిజమే. కాని ఆనాడు తెలుగువాని మనసున ఒక గాయముండెను. ముఖ్యమంత్రులను ఢిల్లీనుండి మార్చుచు పోవుటవలన కలిగిన అవమానముండెను. ఆ ప్రశ్నను ఆయన తన గొంతున పలికించిరి. రాముడు కృష్ణుడు వేసిన ముఖము జనమును సభకు రప్పించినది. ఇంటికి మరలినపుడు వారు మోసికొనిపోయినది మాత్రము ఆ ప్రశ్నను. భూటియాగారు డార్జిలింగునకు పోయినపుడు ప్రశ్న ఎదుటి పక్షము చేతిలో నుండెను. ఆయన చేత నుండినది కేవలము తన పేరు.

ఫుట్‌బాలు ఆటగాండ్రకు వోట్లు రావని గూడ ఎవరును సిద్ధాంతము చేయరాదు. ఆ తృణమూల్ పక్షముననే, ఆ బెంగాలులోనే, భారత జట్టునకు ఒకప్పుడు నాయకుడైన శ్రీ ప్రసూన్ బెనర్జీ 2013లో హౌరా ఉప యెన్నికలో నెగ్గి, అటుపిమ్మట వరుసగా మూడు మారులు అక్కడనే గెలిచిరి. అది పక్షమునకు కోటవంటి చోటు. లైబీరియా దేశమున జార్జి వేయా సంగతి చదువరు లెరుగుదురు. 1995లో ప్రపంచమున ఉత్తమ క్రీడాకారుడన్న పేరొందిన ఆయన 2005లో అధ్యక్ష పదవికి నిలిచి ఓడి, ఓపికపట్టి 2017లో గెలిచి, ఆరేండ్లు ఏలి, 2023లో మరల ఓడి, కిక్కురుమనక గద్దె దిగిరి. ఆటగాడు గెలువవచ్చును, ఓడవచ్చును, తక్కిన మనుష్యులవలెనే.

సిక్కింలో జరిగినదానికి మాత్రము భూటియాగారినే కొంత తప్పుపట్టక తీరదు. 2018 మే మాసమున ఆయన హమ్రో సిక్కిం పక్షమును స్థాపించిరి. అప్పటికి ఇరువది మూడేండ్లకు పైగ పవన్ చామ్లింగ్‌గారి సిక్కిం డెమొక్రాటిక్ ఫ్రంటు ఆ రాష్ట్రము నేలుచుండెను. ఆ యేలుబడికి వ్యతిరేకముగనే భూటియా లేచిరి. 2019లో రెండు స్థానములలో నిలిచి రెంటను ఓడిరి. ఆ యేటి అక్టోబరులో గాంగ్‌టాక్ ఉప యెన్నికలోను ఓడిరి. ఏలుబడి మారినది గాని, దానిని మార్చినవారు ప్రేమసింగ్ తమాంగ్‌గారి సిక్కిం క్రాంతికారి మోర్చావారు, వీరు కారు. ఇంతవరకు తప్పు పట్టవలసినది లేదు. కొత్త పక్షము ఓడుట వింత కాదు.

2023 నవంబరులో తన పక్షమును తీసికొనిపోయి, ఏ చామ్లింగ్‌గారి పాలనను నిరసించి పుట్టెనో ఆ పక్షమునందే కలిపివేసిరి. కారణములు చెప్పియే యుందురు. రాజకీయములలో కారణములకు కరువు లేదు. నిన్నటి ప్రత్యర్థి గొడుగు క్రిందకు నేడు చేరినవానిని, రేపు ఎచ్చట నుందువని వోటరు అడుగక మానునా? 2024లో బర్ఫుంగ్ స్థానమున మోర్చా అభ్యర్థి చేతిలో 4,346 వోట్ల తేడాతో ఓడిరి. ఆ యేడు 32 స్థానములలో 31 మోర్చాకే దక్కినవి. చామ్లింగ్‌గారే తాము నిలిచిన రెండు చోట్లను ఓడిరి. పెరటిచెట్టు మందునకు పనికిరాలేదని కొందరు సామెత చెప్పిరి. మాకది సరిపోవుననిపించదు. చెట్టే ఒక పెరటినుండి మరియొక పెరటికి నడచుచుండెను.

ఇప్పుడు ఏడవ ఓటమికి వత్తుము.

అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య 1937లో పుట్టినది. పుట్టిన 85 ఏండ్లలో ఒక్కమారైనను ఆటగాడు దానికి అధ్యక్షుడు కాలేదు. 1988నుండి 2008 వరకు శ్రీ ప్రియరంజన్ దాస్‌మున్షీ, తరువాత 2022 వరకు శ్రీ ప్రఫుల్ పటేల్ అధ్యక్షులు. ఇరువురును కేంద్ర మంత్రులుగ నుండినవారు. పటేల్‌గారి పదవీకాలము 2020 డిసెంబరులో ముగిసినను, ఎన్నిక జరుగలేదు, ఆయన దిగలేదు. 2022 మేలో సుప్రీముకోర్టువారు ఆయనను తొలగించి, సమాఖ్య నడపుటకు ఒక పాలక సమితిని వేసిరి. ఆ సమితి ఒక మంచి పని తలపెట్టినది. రాష్ట్ర సంఘముల ప్రతినిధులు 36 మందితో పాటు, దేశమునకు ఆడిన ప్రసిద్ధ క్రీడాకారులు 36 మందికి, అందులో 12 మంది స్త్రీలకు, వోటు నిచ్చుట. న్యాయస్థానమును అందుకు సమ్మతించెను. చదువరులారా, ఇది సామాన్యమైన మార్పు కాదు. నేతగానికి నేతసంఘమున వోటు లేని దేశమున, మొదటిసారి వోటు వచ్చినట్లు!

ఆ వోటు మూడు వారములు గూడ నిలువలేదు. ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్యయగు ఫీఫావారు, వెలుపలివారి జోక్యము మితిమీరినదని భారత సమాఖ్యను ఆగస్టు నడుమ సస్పెండు చేసిరి. స్వాతంత్ర్యమునకు 75 ఏండ్లు నిండిన ఆ వారముననే యీ వార్త వచ్చినది. అక్టోబరులో మన దేశమున జరుగవలసిన బాలికల ప్రపంచ కప్పు తప్పిపోవునని అందరును భయపడిరి. ఆగస్టు 22న న్యాయస్థానమువారు పాలక సమితిని రద్దుచేసి, వోటర్ల జాబితానుండి క్రీడాకారులను తీసివేసిరి. 26న సస్పెన్షను తొలగినది. రాష్ట్ర సంఘములే వోటర్లు. మరల పాత గది, పాత తలుపు.

సెప్టెంబరు 2వ తేదీన ఎన్నిక. ఒక వైపున బైచుంగ్ భూటియా. మరియొక వైపున శ్రీ కల్యాణ్ చౌబే. పూర్వము కలకత్తా క్లబ్బులలో గోలు కాచినవారు, భారతీయ జనతా పక్షమునకు చెందినవారు. ఆయనయు 2019లో కృష్ణనగరమునను, 2021లో మానిక్‌తలాలోను ఓడినవారే. కావున ప్రజలు తిరస్కరించినవాడన్న మాట ఒక్కరికే చెల్లదు. భూటియా పేరును ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాలు సంఘము ప్రతిపాదించినది. రాజస్థాన్ సంఘము బలపరచినది. 34 వోట్లు పోలైనవి. చౌబేగారికి 33. భూటియాగారికి 1.

ప్రతిపాదించినవా రొకరు, బలపరచినవా రొకరు. వోట్లు రెండైనను రావలసియుండ, వచ్చినది ఒక్కటి. ఎవరు తప్పుకొనిరో రహస్యపు వోటు చెప్పదు, మేము ఊహింపము. ఎన్నికలో రాజకీయ ప్రమేయము మెండుగా జరిగినదని భూటియాగారు ఓటమి పిమ్మట బహిరంగముగనే అనిరి. దానిపై విచారణ జరుపు అధికారము మాకు లేదు. కాని లెక్కను చూడు హక్కు మాకు కలదు. దేశమున ఫుట్‌బాలును గూర్చి అతనికేమియు తెలియదని 33 సంఘములు ఏకముగ తలచినవా? లేక క్రీడాకారుల సంఘమును నడపినవాడు, జీతము లెగవేసిన క్లబ్బులను నిలదీసినవాడు లోనికి వచ్చినచో తమకు నిద్ర పట్టదని తలచినవా? చౌబేగారు గూడ ఆటగాడే కదా, తొలిసారి ఆటగాడు పీఠమెక్కెను కదా యని సంతోషించువారితో మాకు కలహము లేదు. ఆయన నెక్కించిన చేతులు ఆటగాండ్రవి కావన్నదే మా మాట. సరిగా ఆటగాండ్ర చేతులను గదినుండి తీసివేసిన పదకొండు దినములకు ఆ యెన్నిక జరిగినది.

డార్జిలింగులో వోటరు గూర్ఖాలాండు నడిగినాడు. బర్ఫుంగులో వోటరు నిలకడ నడిగినాడు. భూటియావద్ద ఆ రెండును లేవు. ఫుట్‌బాలు సమాఖ్యలో అడుగవలసినది ఫుట్‌బాలు. అది ఆయనకు టింకీటాం పొలముల గట్టునుండి తెలిసిన విద్య. ఏ ఒక్కచోట ఆయన తన సొంత ప్రశ్నతో నిలిచిరో, సరిగా ఆచోట వోటరు ప్రజ కాకపోయెను.

తరువాతి కథయు ఈ మాటనే చెప్పుచున్నది. ఫీఫావారి సలహాపై కార్యనిర్వాహక వర్గమున చేర్చుకొన్న ఆరుగురు క్రీడాకారులలో భూటియా ఒకరు. మన హైదరాబాదువారైన షబ్బీర్ అలీగారును వారిలో నుండిరి. 2024 జూలైలో జాతీయ జట్టునకు శిక్షకుని నియమించునపుడు, ఆ విషయమున అభిప్రాయము చెప్పవలసిన సాంకేతిక సమితిని సంప్రదింపలేదని చెప్పి భూటియా రాజీనామా చేసిరి. వోటరుగ పనికిరాని ఆటగాడు సలహాదారుగ గూడ పనికిరాకపోయెను. కుర్చీ మాత్రము వేసియుంచిరి. 2025 అక్టోబరులో గోవాలో, తన గడ్డపైననే, సింగపూరు చేత 2–1గ నోడి, భారతదేశము 2027 ఆసియా కప్పునకు దూరమైనది. దీనికంతటికి ఆ యెన్నికయే కారణమని మేమనము. పునాది చెడిన ఇంటికి కారణములు పెక్కులుండును.

ఈ విషయమున తెలుగువారు ఊరక చూచువారుగ నుండుటకు వీలులేదు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణము తెచ్చిన జట్లను, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేర్చిన జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. మెల్‌బోర్న్ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 2023లో కన్నుమూసినపుడు, ఆయన ఎవరని అడిగిన తెలుగు యువకులను మేమెరుగుదుము. అడిగినవారి తప్పు కాదు. రహీంగారు ఒక వైపున శిక్షకులు, మరియొక వైపున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. ఆట తెలిసినవాడే సంఘమును నడపిన కాలము మన హైదరాబాదునకు ఉండెను. దాని ఫలము దేశమంతయు తినెను.

సమాఖ్యకు కొత్త నిబంధనావళిని తయారుచేయు పనిని సుప్రీముకోర్టువారు 2023లో తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారి కప్పగించిరి. 2025 సెప్టెంబరు 19న కొన్ని మార్పులతో దానిని న్యాయస్థాన మామోదించినది. మరుసటి నెలలో సమాఖ్య దానిని స్వీకరించినది. పూర్వ క్రీడాకారులకు, అందు స్త్రీలకు గూడ, సర్వసభ్య సమావేశమున స్థానము అందు కల్పింపబడినది. 2022 ఆగస్టులో తీసివేసిన దానిని, పూర్తిగా కాకున్నను, మరల నిచ్చిరన్నమాట. 2022 నాటి కార్యవర్గమును మాత్రము నాలుగేండ్ల కాలము పూర్తియగువరకు సాగనిచ్చిరి.

కావున మా అడుగునది రెండు తెలుగు రాష్ట్రముల ఫుట్‌బాలు సంఘములను. ఆంధ్రప్రదేశ్ సంఘమువారు 2022లో భూటియా పేరును ప్రతిపాదించి, దేశమంతయు నొకవైపున నుండగా రెండవవైపున నిలిచిరి. అందుకు వారిని మెచ్చుకొనుచున్నాము. ఇక మీదట సమాఖ్యకు ప్రతినిధిని పంపునపుడు, ఉభయ సంఘములును తమ జిల్లా సంఘములను, ఆటగాండ్రను, ఆడి విరమించినవారిని ఒకచోట చేర్చి, మా ప్రతినిధి ఫలానా, ఆయన వోటు ఫలానావారికి, కారణ మిది యని ముందుగనే చెప్పి పంపవలెను. వోటు వేసి వచ్చిన పిమ్మట ఆ సభకే వచ్చి జవాబు చెప్పవలెను. వోటు రహస్యమని సాకు చెప్పువారికి మేము చెప్పునదేమన, ఆ రహస్యము డార్జిలింగు తేయాకుతోటలోని కూలిని తోటదొర కోపమునుండి కాపాడుటకు పుట్టినది. సంఘ ప్రతినిధిని తన సంఘము కంటబడకుండ దాచుటకు కాదు. కొత్త నిబంధనల ప్రకారము క్రీడాకారుల పేర్లు పంపవలసివచ్చినపుడు, మన జిల్లాలలో బూట్లు లేక ఆడి దేశపు బనియను తొడిగిన ఆడపిల్లల పేర్లు గూడ ఆ జాబితాలో మొదటనే కనబడవలెను. జాబితాలను అచ్చువేయుటకు ఈ పత్రికలో చోటు గలదు, పంపుడు.